ఏ ప్రతాపరుద్రుడు? చరిత్రలో ఒకే పేరున్నవాళ్లు ఇంతమంది ఎందుకు

క్లుప్తంగా: చరిత్ర పుస్తకాల్లో ఒకే పేరు పదేపదే రావడానికి కారణాలున్నాయి. తాత పేరు మనవడికి పెట్టేవాళ్లు, గద్దె ఎక్కగానే వంశంలో అంతకుముందున్న బిరుదునే తీసుకునేవాళ్లు, గొప్ప పండితుడి పేరు తర్వాతి పండితులకూ వచ్చేది. ఆ కాలంవాళ్లు తల్లి గోత్రంతోనో, తండ్రి పేరుతోనో, బిరుదుతోనో ఫలానావాడని తేల్చుకునేవాళ్లు. మనం ఆ గుర్తులన్నీ వదిలేసి ఒట్టి పేరు మాత్రం మిగుల్చుకున్నాం, గందరగోళం చాలావరకు అక్కడే మొదలైంది.

ప్రతాపరుద్రుడు ఓరుగల్లును ఏలాడు. ప్రతాపరుద్రుడు కటకం (ఇప్పటి ఒడిశాలోని కటక్) నుంచి ఏలాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ సైన్యం బందీగా పట్టుకుపోతుంటే దారిలోనే చనిపోయాడు. ప్రతాపరుద్రుడు శ్రీకృష్ణదేవరాయల చేతిలో ఓడి, కూతురినిచ్చి సంధి చేసుకున్నాడు. ఈ నాలుగు మాటలూ నిజమే, కానీ ఇవి ఇద్దరు మనుషుల సంగతులు, వాళ్లిద్దరి మధ్య రెండు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది.

మొదటాయన కాకతీయుల చివరి రాజు, 1289 నుంచి 1323 దాకా పాలించాడు. రెండో ఆయన గజపతి వంశం రాజు, 1497 నుంచి 1540 దాకా. గజపతుల రాజధాని కటకమే అయినా ఒకప్పుడు ఉదయగిరి, కొండవీడు, రాజమహేంద్రవరం లాంటి తెలుగు కోటలన్నీ వాళ్ల చేతుల్లో ఉండేవి, రాయలు 1514లో ఉదయగిరినీ 1515లో కొండవీడునీ గెలుచుకున్నది ఈ గజపతి నుంచే. అంటే ఇద్దరు ప్రతాపరుద్రులకూ తెలుగు నేలతో గట్టి సంబంధం ఉంది. అందుకే ఒకరి కథలోకి ఇంకొకరు సులువుగా దూరిపోతారు. ఓరుగల్లు రాజు కృష్ణదేవరాయలతో పోరాడినట్టు రాసే పోస్టులు అలా పుడతాయి.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. 1163 నాటి హనుమకొండ శాసనం ఏ కాకతి రుద్రదేవుడిదో, వేయిస్తంభాల గుడి ఎవరు కట్టించాడో, ఆయన్ని కూడా కొన్ని పుస్తకాలు మొదటి ప్రతాపరుద్రుడు అంటాయి. ఆ లెక్కన 1289లో గద్దెనెక్కినవాడు రెండవ ప్రతాపరుద్రుడు అవుతాడు. ఇంకో పుస్తకంలో అదే మనిషి అంకె లేకుండా ఒట్టి ప్రతాపరుద్రుడే. రుద్రదేవుడు రాశాడని చెప్పే నీతిసారాన్ని ఓరుగల్లు చివరి రాజుకు కట్టబెట్టేయడం ఇలాంటి చోటే జరుగుతుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ల టెన్షన్‌లో కొంత భాగం నిజంగానే ఈ అంకెల పుణ్యం.

తాత పేరు మనవడికి

కాకతీయుల తొలి తరాలు చూడండి. మొదటి బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజు, ఆయన కొడుకు రెండవ బేతరాజు, ఆయన కొడుకు రెండవ ప్రోలరాజు. బేత, ప్రోల, బేత, ప్రోల. తెలుగు ఇళ్లలో ఇప్పటికీ తాత పేరు మనవడికి పెట్టుకుంటారు కాబట్టి ఇది మనకు వింతగా అనిపించదు, కానీ ఇదే అలవాటు రాజవంశంలో నడిస్తే సుమారు నూటయాభై ఏళ్లలో రెండే పేర్లతో నలుగురు రాజులు తయారవుతారు.

అంతకు చాలా ముందు, 3వ శతాబ్దంలో విజయపురి నుంచి (ఇప్పటి నాగార్జునకొండ) పాలించిన ఇక్ష్వాకులదీ ఇదే పద్ధతి. తాత శాంతమూలుడు, కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు మళ్లీ శాంతమూలుడు. అయితే శాసనాలు చెక్కినవాళ్లకు ఈ ఇబ్బంది తెలుసు, అందుకే మనవణ్ణి ఎహువల శాంతమూలుడు అన్నారు. ఆ తర్వాతివాడు రుద్రపురుషదత్తుడు, అంటే తాత పేరులో సగం ఇటు వచ్చింది.

తండ్రి వైపు తాత పేరైతే వంశవృక్షం పక్కన పెట్టుకుని ఎలాగో సరిచూసుకోవచ్చు. అసలు చిక్కు పేరు తల్లి వైపు నుంచి వచ్చినప్పుడు, ఎందుకంటే అప్పుడు ఒక వంశం పేరు ఇంకో వంశంలోకి, ఒక భాష పేరు ఇంకో భాష నేలమీదికి దాటిపోతుంది. వేంగి చాళుక్యులకూ చోళులకూ మధ్య జరిగింది ఇదే. దీన్ని కాస్త నిదానంగా చూస్తే తప్ప 11వ శతాబ్దం అర్థం కాదు.

తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుడు 985 నుంచి 1014 దాకా పాలించాడు. ఆయనకు కుందవై అని అక్క ఉంది. ఆమె అంటే ఆయనకు ఎంత గౌరవమో ఆ గుడి గోడల మీదే కనిపిస్తుంది, ఆమె ఇచ్చిన కానుకల జాబితాలు అక్కడ చెక్కి ఉన్నాయి. రాజరాజు తన కూతురికి ఆ అక్క పేరే పెట్టాడు. ఈ రెండో కుందవైని వేంగి రాజకుమారుడు విమలాదిత్యుడికిచ్చి పెళ్లి చేశారు. వాళ్లకు పుట్టిన కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టారు, ఆయనే మన రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం తెలుగు చేయించినవాడు. ఇక్కడితో అయిపోలేదు. రాజరాజ నరేంద్రుడు తన మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడాడు, వాళ్ల కొడుక్కి మళ్లీ తల్లి తండ్రి పేరే పెట్టారు: రాజేంద్రుడు. ఆ వేంగి రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనమెక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు. ఆ కులోత్తుంగుడు వేంగిని చూసుకోమని పంపిన కొడుకుల్లో ఒకడి పేరు మళ్లీ రాజరాజు.

అంటే గోదావరి ఒడ్డునా కావేరి ఒడ్డునా రెండు కుటుంబాల్లో వందేళ్లలోపే కనీసం ఇద్దరు కుందవైలు, ఇద్దరు రాజేంద్రులు, ముగ్గురు రాజరాజులు. పక్కనే కళింగ గాంగుల్లోనూ ఒక రాజరాజ దేవుడున్నాడు, ఆయన కూడా చోళుల ఇంటి అల్లుడే, కొడుకు అనంతవర్మకు చోడగంగ అనే పేరు తల్లి పుట్టింటి నుంచే వచ్చింది. ఈ పేర్లు ఊరికే పెట్టినవి కావు. చోళుల మనవణ్ణి నేను అని ఊరందరికీ తెలియాలంటే అంతకంటే తేలికైన దారి లేదు, వేంగి గద్దె కోసం అన్నదమ్ములు కొట్టుకుంటున్న ఆ కాలంలో తాత పేరు ఒక రక్షణ కూడా. కాబట్టి పేరు కలవడం ఆ కుటుంబాలు కావాలని చేసిన పని. మనకు గజిబిజిగా కనిపించేది వాళ్లకు పొత్తు పత్రం.

ఈ సంగతి తెలియకపోతే కుందవై వేంగి కోడలైందని ఒక చోట, ఆమె వల్లవరైయన్ వంద్యదేవుడి భార్య అని ఇంకో చోట చదివి, రెండిట్లో ఒకటి తప్పని తేల్చేస్తారు. రెండూ నిజమే. ఒకామె మేనత్త, ఇంకొకామె మేనకోడలు.

పేరనుకుంటే బిరుదు

వేంగి చాళుక్యుల జాబితా చదివితే కళ్లు తిరుగుతాయి. 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలై రెండు, మూడు, నాలుగు, ఐదు అంటూ విష్ణువర్ధనులు, మధ్యలో విజయాదిత్యులు. ఈ వంశంలో విష్ణువర్ధన, విజయాదిత్య అన్నవి చాలాకాలం ఒకరి తర్వాత ఒకరు మార్చి మార్చి తీసుకున్న గద్దె పేర్లు. ఇంట్లో పిలిచే పేరు వేరు, జనం నోట్లో పేరు వేరు. గుణగ విజయాదిత్యుడు, కలి విష్ణువర్ధనుడు, కొల్లభిగండ విజయాదిత్యుడు అని ముందు తగిలించిన ఆ మాటే అసలు మనిషిని పట్టిస్తుంది.

చోళుల్లో కూడా రాజకేసరి, పరకేసరి అని ఇలాంటి రెండు బిరుదులే ఒకటి విడిచి ఒకటి వచ్చేవి. తొలి చోళుల శాసనాల్లో కొన్నిటిలో పరకేసరి అని, ఆయన పాలన ఫలానా సంవత్సరం అని ఉంటుందే తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటి శాసనం దొరికితే ఏ పరకేసరో తేల్చడానికి అక్షరాల తీరు, అందులో వచ్చే అధికారుల పేర్లు, గుడి ఏ కాలంనాటిది అన్నవన్నీ చూడాల్సిందే, అయినా ఒక్కోసారి తేలదు.

రాజమహేంద్రవరం సంగతి దీనికి దగ్గరి ఉదాహరణ. ఆ ఊరికి రాజరాజ నరేంద్రుడి వల్లే పేరొచ్చిందని ఎక్కువమంది నమ్మకం. అంతకు వందేళ్ల ముందు 10వ శతాబ్దంలో పాలించిన అమ్మరాజుకు రాజమహేంద్ర అనే బిరుదు ఉంది కాబట్టి ఊరు ఆయన పేరుదేనని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఇద్దరి పక్కనా ఒకేలాంటి బిరుదు ఉంటే ఊరి పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

విక్రమాదిత్యుడి విషయంలో ఇది దేశమంతా పాకింది. గుప్తుల రెండవ చంద్రగుప్తుడికి ఆ బిరుదు ఉంది. బాదామి చాళుక్యుల్లో ఇద్దరున్నారు. కల్యాణి చాళుక్యుల్లో అంకె ఆరుదాకా వెళ్లింది, ఆ ఆరో విక్రమాదిత్యుడు 1076లో తన పేరుమీద కొత్త శకాన్నే మొదలుపెట్టాడు, ఆయన మీదే బిల్హణుడు కావ్యం రాశాడు. 1556లో ఢిల్లీలో కొద్దికాలం అధికారం చేజిక్కించుకున్న హేము కూడా విక్రమాదిత్యుడే అయ్యాడు. క్రీ.పూ. 57 నుంచి లెక్కపెట్టే విక్రమ శకానికి కారకుడంటూ కథల్లో వచ్చే ఉజ్జయిని రాజు ఈ అందరికీ నమూనా. వీళ్లెవరూ ఒకరికొకరు చుట్టాలు కానక్కర్లేదు. పేరు మోసిన పేరు కాబట్టి తీసుకున్నారు.

బిరుదు కంటే విచిత్రమైన కేసు ఒకటుంది. కాకతీయ శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని కనబడితే అది వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడే అనుకోనక్కర్లేదు, రాణి రుద్రమదేవి కూడా కావచ్చు. గణపతిదేవుడికి కొడుకుల్లేక కూతుర్ని వారసురాలిగా నిలబెట్టాడు, ఆమె మగవాళ్ల పేరుతోనే శాసనాలు వేయించింది. ఇద్దరి మధ్య వంద సంవత్సరాల వరకు తేడా ఉంది కాబట్టి శక సంవత్సరం ఉన్న చోట చిక్కు లేదు. తేదీ అరిగిపోయిన రాతి మీద రుద్రదేవ మహారాజు అని మాత్రం మిగిలితే, ఒక స్త్రీ చేసిన దానమో ధర్మమో ఒక పురుషుడి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. ఆమె పాలన గురించి దొరికే ఆధారాలే తక్కువ, అందులోంచి ఒకటి జారిపోయినా నష్టం పెద్దదే.

సాతకర్ణి ఎవరో తేలకపోతే ఏమవుతుంది

పేరు కలవడం వల్ల పరీక్షలో ఒక మార్కు పోవడం చిన్న విషయం. కొన్ని చోట్ల మొత్తం కాలక్రమమే దాని మీద ఆగిపోయింది.

గుజరాత్‌లోని జునాగఢ్‌లో ఒక పెద్ద బండరాయి ఉంది. అశోకుడి శాసనాలూ, స్కందగుప్తుడి శాసనమూ ఉన్న ఆ రాయి మీదే శక క్షత్రప రాజు రుద్రదాముడి సంస్కృత శాసనం కూడా ఉంది, కాలం క్రీ.శ. 150 ప్రాంతం. సుదర్శన తటాకం కట్ట తెగితే బాగుచేయించిన సంగతి అందులో ముఖ్య విషయం. మధ్యలో ఒక మాట వస్తుంది: దక్షిణాపథపతి సాతకర్ణిని రెండుసార్లు ఓడించినా, దగ్గరి సంబంధం ఉండటం వల్ల నాశనం చేయకుండా వదిలేశానని. ఏ సాతకర్ణి అన్నది లేదు.

శాతవాహనుల్లో సాతకర్ణి పేరున్నవాళ్లు ఎంతోమంది. గౌతమీపుత్ర సాతకర్ణి అందరికీ తెలిసినవాడు. వాసిష్ఠీపుత్ర సాతకర్ణి అని ఇంకొకడున్నాడు. ముంబై దగ్గర కన్హేరి గుహల్లో ఒక శాసనం ఈయన రాణిని కార్దమక వంశంలో (రుద్రదాముడి వంశం అదే) పుట్టిన మహాక్షత్రపుడి కూతురిగా చెబుతుంది, ఆ తండ్రి పేరు రు అనే అక్షరం దగ్గర రాయి పగిలిపోయింది. రు అంటే రుద్రదాముడే అని చాలామంది నిర్ణయం. అయితే రుద్రదాముడు వదిలేసిన సాతకర్ణి ఆ అల్లుడేనా? సొంత అల్లుణ్ణి అంత పొడిగా దగ్గరి సంబంధం అంటాడా, అల్లుడి అన్న అయ్యుండడా, అసలు గౌతమీపుత్రుడే ఎందుకు కాకూడదు అని వాదనలు నడిచాయి. మీరు ఎవర్ని ఎంచుకుంటారన్న దాన్ని బట్టి శాతవాహన రాజుల తేదీలు ముందుకో వెనక్కో జరుగుతాయి.

కళింగ వైపు కూడా ఇదే కథ. భువనేశ్వర్ దగ్గర హాథీగుంఫా శాసనంలో ఖారవేలుడు తన పాలన రెండో ఏట సాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపానని చెప్పుకున్నాడు. అది మొదటి సాతకర్ణి అనుకుంటే ఖారవేలుడి కాలం ఒకలా ఉంటుంది, పురాణాలు 56 ఏళ్లు పాలించాడని చెప్పే రెండవ సాతకర్ణి అనుకుంటే ఇంకోలా ఉంటుంది. ఒక రాజు పేరు ఇంకో రాజు తేదీని నిర్ణయిస్తున్నప్పుడు, ఆ పేరున్నవాళ్లు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే రెండు రాజ్యాల చరిత్రా ఊగుతుంది.

శాతవాహనులు దీనికి పెట్టుకున్న విరుగుడు తల్లి గోత్రం. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని నాణేల మీద కూడా వేయించారు. అది చాలా మంచి పద్ధతి, అయినా పూర్తిగా సరిపోలేదు. వాసిష్ఠీపుత్ర పులుమావి, వాసిష్ఠీపుత్ర సాతకర్ణి ఇద్దరూ ఉన్నారు, చివర్లో వచ్చిన యజ్ఞ సాతకర్ణి కూడా గౌతమీపుత్రుడే. పైన చెప్పిన ఇక్ష్వాకు తాతామనవలు ఇద్దరూ వాసిష్ఠీపుత్రులే. పెళ్లిళ్లు అవే కొద్ది గోత్రాల మధ్య తిరుగుతుంటే తల్లి గోత్రం కూడా రెండు తరాలకోసారి మళ్లీ వస్తుంది.

పండితుల పేర్లు ఒకటైతే

రాజులకు కనీసం తేదీలుంటాయి. పండితులకు ఒక్కోసారి పుస్తకం పేరు తప్ప ఏమీ ఉండదు.

మూలమధ్యమకకారిక రాసిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడిది 2వ శతాబ్దం, లేదా 3వ శతాబ్దం మొదలు. ఆయన శాతవాహన రాజుకు రాసిన లేఖ సుహృల్లేఖగా ప్రసిద్ధం. రసవాదం, అంటే పాదరసంతో మందులూ బంగారమూ చేసే విద్య, ఆ శాస్త్రం మీద పుస్తకాలు రాసిన నాగార్జునుడు వేరే మనిషి, కొన్ని శతాబ్దాల తర్వాతివాడు. 1030 ప్రాంతంలో అల్‌బీరూనీ, సోమనాథ్ దగ్గరి ఒక కోటకు చెందిన నాగార్జునుడు తనకంటే సుమారు వందేళ్ల ముందు ఈ విద్యలో పేరు పొందాడని రాశాడు. 84 మంది సిద్ధుల్లో ఒక నాగార్జునుడున్నాడు. జగ్గయ్యపేటలో దొరికిన ఒక శాసనంలో నాగార్జునాచార్యుడి శిష్యుడికి శిష్యుడు బుద్ధ విగ్రహం పెట్టించినట్టుంది, కానీ ఆ లిపి కారికలు రాసిన ఆచార్యుడి కాలానికి చాలా తర్వాతిది.

ఇంతమంది ఎలా కలిసిపోయారంటే, 7వ శతాబ్దంలో భారతదేశానికొచ్చిన చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ చెప్పిన కథలోనే తత్వవేత్త నాగార్జునుడు మందు చల్లి రాళ్లను బంగారం చేశాడు. టిబెట్ సంప్రదాయం ఇంకో అడుగు వేసి ఆయన 600 ఏళ్లు బతికాడంది. ఒకే పేరుమీద ఇన్ని శతాబ్దాల పుస్తకాలుంటే భక్తులకు దొరికే జవాబు దీర్ఘాయుష్షే. ఇప్పుడు అదే పేరుతో మనకు కొండ ఉంది, 1955లో శంకుస్థాపన జరిగిన సాగర్ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, సినిమా హీరో ఉన్నాడు, ఫోన్లో ఒట్టి పేరు కొడితే ఆచార్యుడు ఎక్కడో అడుగున పడతాడు.

గణితంలో ఇద్దరు భాస్కరులు. ఆర్యభటీయానికి 629లో భాష్యం రాసినవాడు ఒకడు, 1114లో పుట్టి 1150లో సిద్ధాంతశిరోమణి పూర్తిచేసినవాడు ఇంకొకడు, లీలావతి ఈ రెండో ఆయనది. 499లో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడితో పాటు మహాసిద్ధాంతం రాసిన తర్వాతి ఆర్యభటుడూ ఉన్నాడు. మన దేశం 1979లో భాస్కర-1, 1981లో భాస్కర-2 ఉపగ్రహాలు పంపింది. అక్కడి 1, 2 ఉపగ్రహాల వరస, గణితజ్ఞుల వరస కూడా మొదటి, రెండవ అనే ఉండటంతో ఒక్కో ఉపగ్రహం ఒక్కో భాస్కరుడిదని చదువుకునే అవకాశం ఏర్పడింది.

అంకెలు ఎవరు వేశారు

మొదటి పులకేశి, రెండవ పులకేశి అని మనం అలవాటుగా అనేస్తాం గానీ ఆ అంకెలు శాసనాల్లో ఉండవు. రెండవ పులకేశి తనను తాను రెండవ అనుకోలేదు. శాసనాలూ రాగిరేకులూ చదివి వంశవృక్షాలు కట్టిన ఆధునిక చరిత్రకారులు తమ సౌకర్యం కోసం వేసిన లెక్క అది. కొత్త శాసనం దొరికి మధ్యలో ఇంకో రాజు తేలితే అంకెలు మారతాయి, ఒక పండితుడు ఒక రాజును ఒప్పుకోకపోతే ఆయన లెక్కలో తర్వాతివాళ్లంతా ఒక మెట్టు దిగుతారు. రెండు మంచి పుస్తకాల్లో ఒకే రాజుకు రెండు అంకెలు కనిపిస్తే ఒకటి తప్పని అప్పుడే అనుకోకూడదు, ముందు తేదీలు కలుస్తున్నాయేమో చూడాలి.

ఐరోపాలో సంగతి వేరు. ఫ్రాన్స్ లూయీలు, పోపులు అంకెను బతికుండగానే పేరులో భాగంగా పెట్టుకున్నారు. అంత అధికారికంగా నడిచినా అక్కడా పొరపాట్లున్నాయి: పోపుల జాబితాలో ఇరవయ్యో జాన్ అనేవాడే లేడు, లెక్క తప్పి పందొమ్మిది తర్వాత ఇరవై ఒకటికి వెళ్లిపోయింది. ఈజిప్టును ఏలిన గ్రీకు వంశంలో రాజులందరూ టాలెమీలే, వాళ్లను అంకెలతో కాకుండా రక్షకుడు, సోదరిని ప్రేమించినవాడు లాంటి బిరుదులతో వేరుచేసేవాళ్లు. మనం కథల్లో విన్న క్లియోపాత్రా ఆ పేరుతో ఏడో రాణి. మన గుణగ, కలి, కొల్లభిగండ పద్ధతి టాలెమీలకు దగ్గర, లూయీలకు దూరం.

తిక్కనలు, వేమలు, ఇంటిపేర్లు

తెలుగువాళ్లకు ఒకే పేరున్నవాళ్లను వేరుచేసే సొంత పద్ధతులు ఎప్పుడో ఉన్నాయి, అవి అంకెల కంటే బాగా పనిచేశాయి. 13వ శతాబ్దం నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలు, ఇద్దరూ మంత్రి భాస్కరుడి మనవళ్లే. ఒకరు కవి తిక్కన, యజ్ఞం చేశాక తిక్కన సోమయాజి. రెండో ఆయన యుద్ధంలో చనిపోయిన ఖడ్గ తిక్కన. మనుమసిద్ధి తండ్రి తిక్క భూపాలుడు. ఒకే ఊళ్లో ముగ్గురున్నా చేసిన పనినో హోదానో ముందు వెనకల తగిలించడంతో ఏడొందల ఏళ్లు గడిచినా వాళ్లను కలిపేసేవాళ్లు లేరు. అదే కుటుంబం విషయంలో గుర్తు సరిగా లేని చోట మాత్రం తగువు వచ్చింది: భాస్కర రామాయణం తిక్కన తాత మంత్రి భాస్కరుడిదా, హుళక్కి భాస్కరుడిదా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు.

రెడ్డి రాజులు తండ్రి పేరు ముందు పెట్టారు. ఎర్రనను పోషించిన ప్రోలయ వేమారెడ్డి ప్రోలయ కొడుకు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది పెదకోమటి వేమారెడ్డి దగ్గర. రాజమహేంద్రవరంలో కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రాసినవాడు కాటయ వేమారెడ్డి, ఆ తర్వాత అక్కడే అల్లయ వేమారెడ్డి. ముందున్న మాట తీసేస్తే నలుగురూ ఒకటే, పైగా వాళ్లలో ఇద్దరు స్వయంగా పండితులు. పద్యాల వేమన కొండవీటి రాజుల తమ్ముడని చెప్పుకునే కథకు ఈ వేమల వరసే నేల సిద్ధం చేసిందనుకోవడం సబబు. ఆ కథకు గట్టి ఆధారాలు లేవు, వేమనను 17వ శతాబ్దం వాడిగా చూసే పండితులే ఎక్కువ.

ఇంటిపేరు ఈ పద్ధతుల్లో చివరిది, బలమైనది. పింగళి సూరన, పింగళి వెంకయ్య, పింగళి నాగేంద్రరావు ముగ్గురికీ ఇంటిపేరు ఒకటే, సొంత పేరు వేరు కాబట్టి గొడవ లేదు. సొంత పేరూ ఇంటిపేరూ రెండూ కలిసిన చోట జనం ఇంకో దారి వెతుక్కున్నారు: తాత నందమూరి తారక రామారావు సీనియర్, మనవడు జూనియర్. తాత పేరు మనవడికి వచ్చే పాత అలవాటు, ఇంగ్లీషు గుర్తు. ఎన్టీఆర్ మీద అభిమానంతో పెట్టిన పేరే అయినా కల్వకుంట్ల తారక రామారావును కేటీఆర్ అనేసరికి అయోమయమే లేదు. పొడి అక్షరాలు రోజువారీ వాడకంలో బాగా సాయపడతాయి. వందేళ్ల తర్వాత చదివేవాడికి మాత్రం అవి తాళం చెవి లేని పెట్టెలు, కె. అంటే ఏ ఇంటిపేరో చెప్పేవాళ్లు అప్పటికి ఉండకపోవచ్చు. పాత పత్రికల్లో వ్యాసాల కింద ఉన్న పొడి అక్షరాలను విడదీయడం సాహిత్య పరిశోధకులకు ఇప్పటికే పెద్ద పని అయింది.

ఇంటర్నెట్‌లో ఇది ఎందుకు పెరిగింది

పుస్తకంలో ప్రతాపరుద్రుడు అని చదివినప్పుడు ముందు పేజీలో కాకతీయులు అని ఉంటుంది. సెర్చ్‌లో ఆ ముందు పేజీ ఉండదు. ఎక్కువమంది వెతికినవాళ్లే పైకి వస్తారు, పైకి వచ్చినవాళ్లనే ఇంకా ఎక్కువమంది చూస్తారు. చిన్న వీడియోల్లో సమయం తక్కువ కాబట్టి ముందుగా ఎగిరిపోయేవి బిరుదు, తండ్రి పేరు, సంవత్సరం, అంటే మనిషిని వేరుచేసే మూడు వస్తువులూ. ఆ వీడియోల నుంచి రాసుకున్న పోస్టులు, ఆ పోస్టుల నుంచి తయారైన జవాబులు తిరిగేకొద్దీ ఇద్దరి జీవితాలు అతికి ఒకటవుతాయి. అడిగిన వెంటనే జవాబు చెప్పే కొత్త యంత్రాలకు ఇది మరింత కష్టం, వాటికి దొరికే తెలుగు పాఠ్యం తక్కువ, ఆ తక్కువలో పేరు పక్కన తేదీ ఉన్నది ఇంకా తక్కువ.

తెలుగు వికీపీడియాలో ఇలాంటి పేర్లకు అయోమయ నివృత్తి పేజీలుంటాయి, ఒక పేరు కింద ఆ పేరున్న వాళ్లందరి వరస ఉంటుంది. గ్రంథాలయాలు రచయిత పేరు పక్కన పుట్టిన, పోయిన సంవత్సరాలు చేరుస్తాయి. రెండూ పాత శాసనకారులు చేసిన పనినే చేస్తున్నాయి. ఇంకా ఖాళీగా ఉన్నది మధ్య భాగం: పాఠ్యపుస్తకాలు, పరీక్షల గైడ్లు, పత్రికల ఆదివారం వ్యాసాలు. వాటిలో రాజు పేరు మొదటిసారి వచ్చిన చోట వంశమూ పాలనాకాలమూ, ఆధారంగా చూపిన శాసనం ఊరూ సంవత్సరమూ రాయడం ఒక్క వరుస పని. ప్రతాపరుద్రుడు (కాకతీయ, 1289–1323) అని ఉంటే చదివిన పిల్లవాడు ఆయన్ని తీసుకెళ్లి కొండవీటి యుద్ధంలో నిలబెట్టడు.